ఆరో బండి

“పెట్టె తెరువు” అన్నాడు పోలీసు.

ఎటిమ్ బండి దిగి వెనక పెట్టె తాళం తీశాడు. ముందున్న ఐదు బళ్ళకీ చెయ్యి ఊపి దారి వదిలేసిన ఈ మహానుభావుడికి, తన దగ్గరికి వచ్చేసరికే డ్యూటీ గుర్తొచ్చింది. ఖర్మ! కాగితాలేమో అట్టడుగున, వానకోటు కింద ఉన్నాయి. పెట్టెలో తల దూర్చి వెతుకుతుంటే వెనకనుంచి మరో బండి చప్పుడు దగ్గరికొచ్చింది. ఆగకుండా దాటి వెళ్ళిపోయింది.

‘సరే, చోలోమ్ కూడా పోయాడు’ అనుకున్నాడు ఎటిమ్.

ఆ పొద్దున పదింటికి అబుజాలో ఏడుగురు మోటారుసైకిళ్ళ మీద బయల్దేరారు. శనివారం రాత్రికి జోస్‌లో బస, ఆదివారం తిరుగు ప్రయాణం. అందరికంటే ముందు నాయకుడు తెర్ఫా. ఎటిమ్ కొత్తవాడు కాబట్టి అతనిది ఆరో స్థానం. ఎవరూ వెనకబడిపోకుండా చూసుకుంటూ అందరికంటే చివర చోలోమ్.

“వీడు మాట్లాడడని ఏమీ అనుకోకు తమ్ముడూ” అంటూ చోలోమ్ వీపు మీద ఒక్కటి చరిచాడు తెర్ఫా. “పెళ్ళిలో పాస్టరు మూడుసార్లు అడిగితే గానీ ‘సరే’ అనలేదు. అయితేనేం, వీడు వెనక ఉన్నంతసేపూ నేను అద్దంలోకి కూడా చూడను.”

అందరూ పగలబడి నవ్వారు. చోలోమ్ గబుక్కున హెల్మెట్ పెట్టేసుకున్నాడు. ఎటిమ్ కూడా నవ్వాడు గానీ కాస్త ఆలస్యంగా నవ్వాడు. వాళ్ళది పదేళ్ళ స్నేహం. ఒకడు సగం మాట అంటే మిగతా సగం ఇంకొకడు అందుకుంటాడు. ఆ మధ్యలో దూరడానికి అతనికి సందు దొరకలేదు.

కలాబార్ నుంచి బదిలీ మీద వచ్చి ఏడు నెలలైంది. ఆఫీసులో ఒక గుడ్ మార్నింగ్, గేటు దగ్గర ఒక గుడ్ ఈవినింగ్. ఆదివారాలైతే నోరు తెరిచే పనే లేదు. ఈ ప్రయాణంలో ఒక్క స్నేహితుడైనా దొరక్కపోతే, బండి అమ్మేసి, బతిమాలుకుని మళ్ళీ బదిలీ వేయించుకుని కలాబార్ పోవాలని గట్టిగా అనుకున్నాడు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అనడానికి ఎవరున్నారు?

పోలీసు వదిలేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. మొదటి మలుపులో ఆగి ఉంటారనుకున్నాడు. లేరు. రెండో మలుపు తిరిగాడు. రోడ్డు ఖాళీగా ఉంది. ఒక ముసలి మేక మాత్రం తీరిగ్గా దాటుతోంది.

రోడ్డు పక్కన ఒకావిడ నిప్పుల మీద పెండలం ముక్కలు కాలుస్తోంది. ఎటిమ్ అక్కడ ఆగాడు. టైము ఒంటిగంట.

“ఎవరి కోసం నాయనా, మెడ అంతలా చాస్తున్నావు?” అందావిడ.

“స్నేహితుల కోసం ఆంటీ. ముందు వెళ్ళిపోయారు.”

“ముందు వెళ్ళినవాళ్ళ కోసం ఇక్కడ కూర్చోవడమేంటి? వెనకాల పోవాలి గానీ!”

“నేను లేనని చూసుకుని వాళ్ళే వస్తారు.”

“రాకపోతే?”

“మూడింటిదాకా చూస్తాను. రాకపోతే అబుజా పోతాను. మళ్ళీ వాళ్ళ మొహం చూడను.”

“ఫోను చెయ్యరాదూ?”

“నేనెందుకు చెయ్యాలి ఆంటీ? చేస్తే వస్తారు, నాకూ తెలుసు. చెయ్యకుండా వస్తారా అని నాకు కావాలి.”

“ఓరి నాయనో! ముప్పై ఏళ్ళొచ్చాయి, కొత్తల్లుడిలా ఈ అలకేంటయ్యా?” అంటూ ఆవిడ పామాయిల్లో కారం కలిపి, ఆకులో రెండు ముక్కలు పెట్టి ఇచ్చింది. “తిను ముందు. ఆకలితో అలిగితే ఒంటికి మంచిది కాదు.”

ఎటిమ్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే అన్నాడు, “ఏడు నెలల్లో నాతో ఇంతసేపు మాట్లాడింది మీరే ఆంటీ.”

ఆవిడ నిప్పుల దగ్గరికి వెళ్ళింది. ఇంకో ముక్క తెచ్చి ఆకులో పెట్టింది. ఆ ముక్క చూడగానే అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. మొహం పక్కకి తిప్పుకుని చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఎంత తుడుచుకున్నా ఆగలేదు. పొగ వల్ల అని చెబుదామనుకున్నాడు గానీ, ఆవిడ అడగనేలేదు.

రెండైంది. ఏ ఇంజను చప్పుడు విన్నా లేచి నిలబడేవాడు. లారీలు పోయాయి, క్యాబేజీ బస్తాల వ్యాన్లు పోయాయి. రెండున్నరకి లేవడం మానేశాడు. ఫోను తీసి చూశాడు. సిగ్నలుంది, చార్జింగుంది. ఫోనే రాలేదు.

మూడైంది.

“ఇంకాసేపు చూడరాదూ?” అంది ఆంటీ.

“చాలు ఆంటీ. తెలిసిపోయింది.”

బండిని అబుజా వైపు తిప్పాడు.

ఇందాక తను దాటి వచ్చిన మలుపు దగ్గర వేపచెట్టు కింద, కల్వర్టు గోడ మీద చోలోమ్ కూర్చుని ఉన్నాడు. పక్కన బండి, ఒళ్ళో హెల్మెట్. అయితే పోలీసుల దగ్గర దాటింది వీడు కాదన్నమాట. నా వెనకాలే వస్తూ ఇక్కడ చిక్కుకుపోయాడు, పాపం! ఎటిమ్ కోపమంతా జాలిగా మారిపోయింది. గబగబా బండి ఆపాడు.

“బండి చెడిందా?”

చోలోమ్ తల అడ్డంగా ఊపాడు.

“పెట్రోలు అయిపోయిందా?”

“ఉంది.”

“ఎప్పటినుంచి ఉన్నావిక్కడ?”

“ఒంటిగంట.”

“రెండు గంటలా! ఒక్కడైనా వెనక్కి రాలేదా? నిన్ను కూడా వదిలేసి పోయారా వాళ్ళు? పదేళ్ళ స్నేహితుడివి, నిన్ను కూడా?”

చోలోమ్ అర్థం కానట్టు చూశాడు. లేచి ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకున్నాడు. మాటలు కూడదీసుకోవడానికి అతనికి చాలాసేపే పట్టింది.

“నువ్వు ఆగావు కదా!” అన్నాడు.