స్థిరాస్తి

ఆఫీసు సామాను జాబితా రాయడానికి వచ్చినతను కుర్చీకి ఒక నంబరు అంటించి, అందులో కూర్చున్న పెద్ద గుమాస్తా భుజానికి ఇంకొకటి అంటించాడు.

“నాకెందుకయ్యా?”

“పొద్దుట్నుంచీ చూస్తున్నాను సార్. ఫైళ్లూ టీలూ మీ దగ్గరికే వస్తున్నాయి. మీరు కదిలింది లేదు. అందుకే కుర్చీనీ మిమ్మల్నీ స్థిరాస్తుల్లో రాశాను.”

గుమాస్తాకి ఒళ్లు మండింది. ఆయన టీ కప్పు కింద మూడు నెలలుగా డాక్టరు చీటీ నలుగుతోంది: ‘ఇలాగే కూర్చుంటే షుగరు వచ్చేలా ఉంది. రోజూ నడవండి.’

“నేను మనిషినయ్యా. నా పేరు కొట్టెయ్.”

“తలుపు దాకా రండి సార్, కొట్టేస్తాను.”

గుమాస్తా కాళ్లతో నేలను తన్ని, చక్రాలున్న ఆ కుర్చీలోనే జర్రున తలుపు దాకా వచ్చాడు. అతను జాబితాలో ఒక గీత గీశాడు.

“కొట్టేశావా?”

“కుర్చీని కొట్టేశాను సార్. కదిలింది అదే కదా.”

గుమాస్తా కుర్చీని అక్కడే వదిలేసి, చీటీ కోసం బల్ల దాకా నడిచాడు.