సింగారి వద్దన్న గూడు

గిజిగాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. మగపిట్ట సగం గూడు అల్లి చూపిస్తాడు. ఆడపిట్టకు నచ్చితేనే మిగతా సగం అల్లుతాడు. వాగు ఒడ్డు తుమ్మచెట్టు మీది బంగారయ్య అంత ఓపిక పట్టలేదు. కూనిరాగాలు తీస్తూ గూడు మొత్తం అల్లేశాడు. కింద గొట్టం, లోపల మెత్త, గోడకు తడిమట్టి, అన్నీ పూర్తి చేశాడు.

ఇక జోడీ కుదరాలి. ఆలస్యమైతే గూటి పచ్చదనం వాడిపోతుంది. వాడిన గూటి వైపు ఏ ఆడపిట్టా తొంగిచూడదు.

అంతలో సింగారి అనే ఆడపిట్ట వచ్చింది. లోపలికి దూరి, ముక్కుతో అక్కడక్కడా లాగి చూసి బయటికొచ్చింది.

"బాగుంది. నాకొద్దు."

"లోపం ఎక్కడుందో చెప్పు," అన్నాడు బంగారయ్య.

"లోపం లేదు. నాకు పనే లేదు."

"నీకెందుకు కష్టమని నేనే చేసేశాను."

"కష్టమా? అల్లినంతసేపూ పాడుతూనే ఉన్నావు, వాగంతా విన్నది. ఆ సంతోషమంతా ఒక్కడివే మింగేసి, నాకు కూర్చునే చోటు మాత్రం మిగులుస్తావా, పెద్దమనిషీ?"

బంగారయ్య గూటిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత కిందికి వేలాడి, ముచ్చటపడి అల్లుకున్న గొట్టాన్ని తనే పోచ పోచా విప్పేశాడు.

సింగారి ఎగిరిపోయి, వరి ఆకు చీలికతో తిరిగొచ్చింది. "ఈ కొస పట్టుకో," అంది.

కబుర్లు ఎక్కువై కొత్త గొట్టం వంకర తిరిగింది. పక్క కొమ్మ మీది ఉడుత చూసి, "ఈ వంకర పని ఎవరిదర్రా?" అంది.

"నాది," అన్నారు ఇద్దరూ ఒకేసారి, గర్వంగా.