ముక్కుసూటి మనిషి

గ్యారేజీ గది సిద్ధమైంది. గోడలకి లేతపచ్చ రంగు, నేలకి కొత్త టైల్స్, షట్టర్ ఉన్నచోట తలుపూ కిటికీ. కారు వీధిలో ఎండకి మాడుతోంది. ఇక అమ్మ చేత మేడమీద గది ఖాళీ చేయించడమే తరువాయి.

ఆ గది కోడలికి కావాలి. ఆమెది ఇంటి నుంచే ఆఫీసు పని. "మీ అమ్మగారికి మెట్లెక్కే బాధ తప్పుతుంది కదండీ" అంది భర్తతో. అసలు కోపం వేరే. మొన్న పొయ్యి మీద పాలు మాడి గిన్నె బొగ్గవుతుంటే, అత్తగారు పక్కనే కూర్చుని తాపీగా పేపరు చదువుకున్నారట. కోడలంటే అంత లెక్కలేనితనమట.

తల్లికి ఆ గదంటే ప్రాణం. దాని కిటికీలోంచి వీధి మలుపు దాకా కనిపిస్తుంది. పాతికేళ్లుగా ఆ వీధిలో ఎవరు ఎటు వెళ్లినా ఆవిడ లెక్కలోకి రావలసిందే. అయినా పేచీ పెట్టలేదు. "అలాగే నాన్నా" అని కొత్త గది చూడ్డానికి దిగింది.

గుమ్మంలోనే ఆగిపోయింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఒరేయ్, ఏమిట్రా ఈ కంపు?"

కొడుకు గట్టిగా పీల్చాడు. రంగు వాసన తప్ప ఏమీ తెలియలేదు. కానీ అమ్మ ముక్కుసూటి మనిషి. ఉన్నమాట మొహం మీదే అనేస్తుందని చుట్టాలంతా హడలిపోతారు. ఆవిడ కంపంటే కంపే. ప్లంబరుని పిలిచాడు.

ప్లంబరు మూలన నీళ్లు పోయే జాలీ మీద బోర్లా పడుకుని వాసన చూశాడు.

"అబ్బో! దీని కింద గొట్టం వంపులో ఎప్పుడూ నీళ్లు నిలవుండాలి సార్. అవి ఎండిపోతే మురిక్కాలవ కంపంతా గదిలోకే. రోజూ చెంబెడు నీళ్లు పోయండి."

పోశారు. మర్నాడు తల్లి మళ్లీ కొంగు అడ్డం పెట్టుకుంది.

మేస్త్రీ వచ్చాడు. కళ్లు మూసుకుని పీల్చాడు. "ఇంజిన్ ఆయిలు సార్. ఇన్నేళ్లూ కారు కార్చిందంతా గచ్చు తాగేసింది. టైల్స్ లేపాల్సిందే."

లేపారు. గచ్చు పగలగొట్టారు. మళ్లీ వేశారు. తల్లి తొంగిచూసింది.

"పాపం, చాలా శ్రమపడ్డావు నాన్నా. కానీ ఇంకా ఉందిరా."

ఈపాటికి కోడలికీ కంపు తెలియడం మొదలైంది. పక్కింటావిడకైతే గోడ అవతలికే కొట్టింది. చచ్చిన ఎలుక అని కూడా తేల్చేసింది. తెలియనిది కొడుకు ఒక్కడికే.

"మీకసలు ముక్కుందా అండీ?" అంది కోడలు.

ఆదివారం పంపకాలైపోయాయి. తల్లి గది తల్లికే. కోడలి ఆఫీసు బల్ల పడకగదిలోకి. బల్లకి చోటు కావాలి కాబట్టి అతని మంచం గ్యారేజీలోకి.

"వాసన తెలియని మనిషికి ఆ గదికేం రా, బంగారంలా ఉంటుంది" అంది తల్లి మేడమీది కిటికీలోంచి.

వారం రోజులు అక్కడే పడుకున్నాడు. రోజూ చెంబెడు నీళ్లు పోశాడు. తనూ జాలీ మీద బోర్లా పడుకుని పీల్చాడు. ఏమీ లేదు. చివరికి తన ముక్కు మీద తనకే బెంగ పట్టుకుంది. వీధి చివరనున్న చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాడు. అమ్మ చెవిపోటుకి వెళ్లేదీ ఆయన దగ్గరికే.

డాక్టరు లైటు వేసి చూశాడు. కళ్లు మూయించి సబ్బు, లవంగం, కాఫీపొడి ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టాడు. అతను అన్నిటినీ ఠక్కున చెప్పేశాడు.

"మీ ముక్కు నిక్షేపంలా ఉందండీ" అని కలం మూత పెడుతూ డాక్టరు అడిగాడు, "అన్నట్టు, మూడేళ్ల కిందట ఆ జ్వరంలో మీ అమ్మగారికి వాసన పూర్తిగా పోయింది కదా, ఇప్పటికైనా కాస్త తెలుస్తోందా?"