మాస్టారు రాసిచ్చిన మాట

“ఒక్క మాట రాసి సంతకం పెట్టండి మాస్టారూ. సాయంత్రంలోగా ఇస్తే చాలు,” అంటూ మేనేజరు ఒక కాగితం ముందుకు జరిపాడు.

ఇంటర్న్‌గా వచ్చిన అమ్మాయి పనితీరు మీద నివేదిక అది. అడుగున రెండు గళ్ళున్నాయి. ‘సొంతంగా పని చేయగలదు’, ‘ఇంకా నేర్చుకోవాలి’. ఏదో ఒకదానిలో టిక్కు పెట్టి, కింద ఒక వాక్యం రాయాలి.

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. “అప్పుడే ఏం తొందర? ఆరు నెలలన్నారుగా. నాలుగేగా అయింది.”

“మీ దగ్గర దాపరికం దేనికి? డిజైన్ విభాగంలో ఒక్క కుర్చీయే ఉంచమన్నారు పైవాళ్ళు. ఆ అమ్మాయికి పనొచ్చేసిందని మీరు రాస్తే తననే తీసుకుంటాం. రాలేదంటే పంపించేసి, మీతోనే నడుపుకుంటాం.” మేనేజరు చూపు తిప్పుకున్నాడు. “నా చేతుల్లో ఏం లేదు మాస్టారూ.”

మాస్టారు కాగితం పట్టుకుని తన బల్ల దగ్గరికొచ్చి కూలబడ్డారు.

ఇరవై మూడేళ్ళుగా ఆయన పని అట్టపెట్టెలు గీయడం. మందుల పెట్టెలు, సబ్బుల పెట్టెలు, చెప్పుల పెట్టెలు. ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ మడవాలో, జిగురు ఎంత వెడల్పున పడాలో ఆయన వేళ్ళకే తెలుసు. కంప్యూటరు మాత్రం ఎంత కుస్తీ పట్టినా కొరుకుడు పడలేదు. యాభై నాలుగేళ్ళ వయసులో ఇంకో చోటికి వెళితే ముందు అడిగేది దాని గురించే.

ఇంటర్న్‌ని ఏరింది కూడా ఆయనే. “చుట్టాలొద్దు, సిఫార్సులొద్దు,” అని మేనేజరు ముందే చెప్పాడు. అంతకుముందు ఏడాది ఎవరి మేనల్లుడో వచ్చి, మూడు నెలలు కుర్చీలో గిరగిరా తిరిగి, సర్టిఫికెట్ పట్టుకుపోయాడు. మాస్టారు “అలాగే” అన్నారు. వచ్చిన ముప్పై దరఖాస్తులూ చూసి, ఈ అమ్మాయి ఫైలు అన్నిటికన్నా పైన పెట్టారు. అందులోని డిజైన్లు చూశాక మేనేజరు మారు మాట్లాడలేదు.

ఆ అమ్మాయి డిజైన్ కోర్సు పూర్తి చేసి ఏడాదైంది. ఎక్కడికెళ్ళినా ‘అనుభవం ఉందా’ అనే ప్రశ్నే. ఎవరూ చేర్చుకోకపోతే అనుభవం ఆకాశంలోంచి ఊడిపడుతుందా? నలభై చోట్లకి రాస్తే ఇద్దరు జవాబిచ్చారు. ఇద్దరూ ‘క్షమించండి’ అనే. ఆఖరికి అన్నం కూడా మానేసి, గోడవైపు తిరిగి పడుకునేది. లేపితే లేచేది కాదు.

ఇక్కడ చేరాక మనిషే మారిపోయింది. రోజూ మాస్టారొచ్చిన ఐదు నిమిషాలకి వచ్చి, వస్తూనే పనిలో పడేది. మొదటి వారం ఆమె గీసిన పెట్టె మడిస్తే మూత పడలేదు.

“తెరమీద అట్టకి మందం ఉండదమ్మా. చేత్తో ఒక్కటి మడిచి చూడు,” అని మాస్టారు కత్తెర అందించారు.

నెల తిరిగేసరికి ఆయన మూడు రోజుల పని ఆమె ఒక పూటలో చేసేది. మూతలు చక్కగా పడేవి.

ఆమె “సార్” అని పిలిస్తే ఆయన ఎప్పుడూ కాస్త ఆలస్యంగా పలికేవారు. మాస్టారికి చెవి మందగించిందని ఆఫీసులో నవ్వుకున్నారు.

పక్క బల్ల ఫొటోగ్రాఫరు ఒక్కడే నవ్వలేదు. “అన్నగారూ, అన్నీ నేర్పేయకండి. మీ కుర్చీకే ఎసరు పెడుతుంది,” అని అప్పుడే అన్నాడు.

ఇప్పుడు కాగితం చూడగానే అతనికి అర్థమైపోయింది. “‘ఇంకా నేర్చుకోవాలి’ అని రాసి పారేయండి. ఆ పిల్లకింకా బోలెడు వయసుంది. మీకేముంది?”

మాస్టారు లేచి మళ్ళీ మేనేజరు గదికి వెళ్ళారు. “ఇద్దరినీ ఉంచలేరా? నాకు సగం రోజు పనిచ్చినా చాలు.”

మేనేజరు తల అడ్డంగా ఊపాడు.

ఐదింటికి మాస్టారు మొదటి గడిలో టిక్కు పెట్టారు. కింద ‘నాకన్నా బాగా చేస్తుంది’ అని రాశారు. సంతకం దగ్గర పెన్ను రెండుసార్లు ఆగింది.

కాగితం అందుకుని మేనేజరు, “మీరు రేపటినుంచి శ్రమపడి రానక్కర్లేదు,” అన్నాడు మర్యాదగా.

తర్వాత ఆ అమ్మాయిని పిలిచాడు. ఆ గదికి గాజు గోడ. అన్నీ కనబడతాయి, ఏదీ వినబడదు. మేనేజరు నవ్వుతూ ఉద్యోగం కాగితం చేతికిచ్చి, ఏదో చెప్పాడు. వింటూ వింటూనే ఆమె ముఖం పాలిపోయింది. గాజులోంచి మాస్టారి వైపు చూసింది. వద్దన్నట్టు తల ఊపింది. ఏదో చెప్పబోతూ కుర్చీలోంచి సగం లేచింది.

మాస్టారు చెయ్యెత్తి ఆపారు. తీసుకో అన్నట్టు తలాడించారు.

ఆమె కూర్చుంది. తల వంచుకుని సంతకం చేసింది. కళ్ళనీళ్ళు చూసి మేనేజరు, మొదటి ఉద్యోగం కదా, అలాగే ఉంటుందని భుజం తట్టాడు.

“మీరు చేసింది పిచ్చిపని అన్నగారూ,” అని ఫొటోగ్రాఫరు కోప్పడ్డాడు. మాస్టారు స్కేళ్ళు, పెన్సిళ్ళు సంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగారు.

బస్టాపులో జనం కిటకిటలాడుతున్నారు. కాసేపటికి ఆ అమ్మాయీ వచ్చి, కొంచెం దూరంగా నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. బస్సులో ఆమె ముందు కూర్చుంది, ఆయన వెనక కూర్చున్నారు. బస్సు మలుపు తిరిగి ఆఫీసు కనుమరుగయ్యాక, ఆమె లేచొచ్చి ఆయన పక్కన కూర్చుని, సంచి తన ఒళ్ళోకి తీసుకుంది. మూడు స్టాపులు దాటాక ఆయన వైపు తిరిగింది.

“నాన్నా, అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”