రాక్షసి ముక్కు

ఆర్టిస్టు కిటికీ తెర పక్కకు జరిపి కిందికి చూశాడు. ఇంటి ఓనరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. బడికి వెళ్తున్న పిల్లలు ముగ్గురు ఆవిడను చూడగానే టక్కున ఆగిపోయారు. సంచులు గుండెలకు అదుముకుని, అవతలి గోడకు బల్లుల్లా అతుక్కుని నడిచి, ఒక్క పరుగున సందు దాటేశారు.

ఆర్టిస్టు గుండె జారిపోయింది.

అతను కంప్యూటర్ ఆటలకు బొమ్మలు గీస్తాడు. ఏడాదిగా ఒకే ఆట మీద కూర్చున్నాడు. భోజనం డబ్బా గుమ్మం దగ్గరికే వచ్చేది. వీధి మొహం చూసిన పాపాన పోలేదు. అన్నీ కుదిరాయి గానీ, ఆఖరున వచ్చే రాక్షసికి మాత్రం ఎంతకీ ముఖం కుదరలేదు. గడువు నెత్తి మీదికొచ్చింది. సరిగ్గా అప్పుడే కింద ఓనరమ్మ నీళ్ల మోటారు ఆపలేదని ఎవరినో కడిగేస్తోంది. కిటికీలోంచి చూస్తూ గీసేశాడు. ఆ కొక్కెం ముక్కు, ఆ కళ్లు, నడుముకి తాళాల గుత్తితో సహా.

కంపెనీవాళ్లు ఎగిరి గంతేశారు. శుక్రవారమే ఆట విడుదల అన్నారు. అతను కంప్యూటరు మూసేసి రెండు రోజులు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. సోమవారం లేచి చూస్తే ఇదీ సంగతి.

అనుమానం తీర్చుకుందామని వీధిలోకొచ్చాడు. ఇంకేముంది! ఓనరమ్మ కనబడగానే పాలవాడు సైకిల్ దిగి నడిపించుకుంటూ పోయాడు. కూరల కొట్టు దగ్గర వరుస దానంతటదే చీలి ఆవిడకు దారిచ్చింది. కరెంటు మీటరు చూడటానికొచ్చిన మనిషి గేటు బయటినుంచే కళ్లు చికిలించి అంకెలు రాసుకున్నాడు. ఊరంతా ఆడేస్తున్నారన్నమాట!

పాపం, ఒంటరి మనిషి. తన మూలంగా ఊరికి రాక్షసైపోయింది. అతనికి నాలుగు రోజులు ముద్ద దిగలేదు. చెబితే గది పోతుంది. ఇంత వెలుతురున్న గది మళ్లీ దొరకదు. చెప్పకపోతే మనసు ఊరుకునేలా లేదు.

ఐదో రోజు తెగించి తలుపు తట్టాడు.

"ఆంటీ, జనం మిమ్మల్ని చూసి భయపడుతున్నారంటే కారణం నేనేనండీ."

"నన్ను చూసి భయమా? ఎవరికి?" అంది ఓనరమ్మ.

ఫోన్‌లో బొమ్మ చూపించాడు. ఆవిడ కళ్లజోడు తెచ్చుకుంది. కోరలు చూసింది. కొమ్ములు చూసింది. తన ముక్కు ఒకసారి తడిమి చూసుకుంది.

"ముక్కు బాగానే కుదిరింది," అంది చివరికి. "సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యి."

"ఆంటీ, తెలియక చేశాను..."

"తెలియకే కొమ్ములు పెట్టావా?"

సాయంత్రానికి కంప్యూటరు, పరుపు, బకెట్టుతో సహా రోడ్డున పడ్డాడు. పరుపు చుట్ట మీదే కూర్చుని ఆటల కంపెనీ మేనేజరమ్మకు ఫోన్ చేశాడు.

"మేడమ్, మీకు పుణ్యముంటుంది, ఆ రాక్షసి ముఖం ఇప్పటికిప్పుడు మార్చేయండి. ఊరు ఊరంతా వణికి చస్తోంది!"

"ఏ ఊరండీ?" అందావిడ అయోమయంగా. "శుక్రవారం విడుదల వాయిదా పడిందని మెయిల్ పెట్టాం కదా, మీ రాక్షసిని ఇంతవరకూ మన కంపెనీ దాటి ఒక్క నరమానవుడు కూడా చూడలేదు!"