మూడో పేజీకే దొరికిపోయేవాడు

"ఇది అచ్చుకి పనికిరాదు," అంటూ ఎడిటరు టైపు కాగితాల కట్టని బల్ల మీద పడేసింది.

గదిలో మిగతా ముగ్గురూ తలెత్తారు. ప్రూఫ్ రీడరు, అట్టబొమ్మలు వేసే ఆవిడ, లెక్కలు చూసే అక్క. ఆ ప్రచురణ సంస్థ వేసేవన్నీ గులాబీ అట్టల నవలలే. ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిల సరదా ప్రేమకథలు, చిక్ లిట్ అంటారు. నలుగురిదీ ఒకే గది, ఒకప్పుడు ఒకే కాఫీ ఫ్లాస్కు. ఈమధ్య ఎడిటరు తన కాఫీ తను తెచ్చుకుంటోంది.

కారణం ఆమె బల్ల మీద ఫ్రేములో ఉంది. ఫొటోలో ఆమె పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది, పక్కన ఆమె ప్రేమించిన ఆయనగారి మోచేయి ఉంటుంది. ఆయనకి కెమెరా అంటే సిగ్గు. ఆయన మాటెత్తితే చాలు, ఈ ముగ్గురి మొహాలూ మాడిపోతాయి. తమకి దొరకలేదని కుళ్ళు. ఆ మాట మొహం మీదే అనేసింది కూడా.

పోనీలే, ఈ ఒక్కరోజేగా భరించడం. రాజీనామా కాగితం హ్యాండ్‌బ్యాగులో ఉంది. సాయంత్రం బాసు చేతిలో పెట్టేసి, రేపు ఆయన వెంట వేరే ఊరు వెళ్ళిపోతుంది. ఏళ్ళ తరబడి చెమటోడ్చి సంపాదించుకున్న కుర్చీ ఇది. వదలాలంటే ప్రాణం ఉసూరుమంటోంది గానీ, ప్రేమన్నాక ఆ మాత్రం ఉండదా.

వెళ్ళేలోగా ఈ ఆఖరి నవల సంగతి తేల్చాలి. ఆదివారం ఎలాగూ ఖాళీయే కాబట్టి తన అద్దె గదిలో ఒక్కతే కూచుని మొత్తం చదివేసింది.

"ఏం తక్కువైందట?" అంది ప్రూఫ్ రీడరు.

ఎడిటరు అందుకుంది. తక్కువేం లేదట. ముప్ఫైకి దగ్గర పడ్డ నాయిక, అద్దె గది, తిక్క బాసు, జీతానికి మించిన చెప్పులు, తగ్గని ఒళ్ళు, తన మీద తనే వేసుకునే జోకులు, అన్నీ కొలత ప్రకారమే ఉన్నాయట. ఏడ్చినా కాటుక కారేంతవరకే ఏడుస్తుందట. రాసిందెవరో పేరు లేదు గానీ, ఒక్కరు రాసినట్టు లేదట. ఒక అధ్యాయంలో భూతద్దం పెట్టి వెతికినా అచ్చుతప్పు లేదు. ఇంకోదాంట్లో లిప్‌స్టిక్ రంగు గురించే రెండు పేజీలు. మరోదాంట్లో హోటలు బిల్లు పైసలతో సహా.

లెక్కల అక్క దగ్గింది.

"మరి రోగమెక్కడ?" అంది బొమ్మలావిడ.

"నాయిక బుర్రలో. తప్పుడు మనిషిని ప్రేమించాలి, ఒప్పుకుంటా. వాడు దొంగ అని మూడో పేజీకే మనకి తెలిసిపోవాలి, ఆమెకి తెలియకూడదు. అదీ రూలే. కానీ ఎప్పుడో ఒకప్పుడు తెలియాలిగా? సెలవురోజు వస్తే వాడు మాయం. ఈ మహాతల్లి మాత్రం వాణ్ణి నమ్మి బ్యాగు సర్దుకుంటుంది. అక్కడికి ఆపేసి, ముగింపు ఎడిటరుగారి ఇష్టం అని రాశారు."

"నీ ఇష్టం ఏమిటి మరి?" అంది లెక్కల అక్క మెల్లగా.

"వాణ్ణి ఆ ఖరీదైన చెప్పుతోనే కొట్టించి, ఈమెని ఉద్యోగంలో ఉంచుతా. చిక్ లిట్ అంటే మొగుడు దొరకడం కాదు అక్కా, బుద్ధి రావడం."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎడిటరు ఇంకా చల్లారలేదు.

"అసలు నా కోపం ఆమె మీద కూడా కాదు, ఆ ముగ్గురు స్నేహితురాళ్ళ మీద. వాడికి పెళ్ళాం ఉందని ముగ్గురికీ తెలుసు. ఎదురుగా కూచోబెట్టి చెప్పి చావొచ్చుగా?"

ప్రూఫ్ రీడరు కళ్ళజోడు తీసి, బల్ల మీది ఫొటో వైపు చూసింది.

"ఆ మోచేయిగారి సంగతి నోటితో చెప్పబోతే కుళ్ళుబోతులన్నావు కదే, అందుకే ముగ్గురం కూచుని రాశాం."