వంకర గుండ్లు

“కన్ను పోతే ఎట్ల బిడ్డా?” అంది దేవవ్వ.

ఓంకార్ ఇంకా ఏర్‌గన్ సంచి జిప్పు కూడా తీయలేదు.

“ఎవరి కన్నమ్మా?”

“నీదే. అది ఎనకకు పేలితే? గుండు గోడకు తాకి మర్లొస్తే? ఒంటికన్ను బతుకు ఎట్లుంటదో నన్ను చూస్తలేవా?”

ఆమె ఎడమ కంటికి పొర కమ్మి చాన్నాళ్లయింది. ఆపరేషనంటే భయం. మస్కట్ దగ్గరి సమాయిల్‌లో ఈ అర్బాబ్, అంటే అరబ్బు యజమాని, ఇంటికి వంటమనిషిగా వచ్చేటప్పుడు విమానమంటే భయం, దిగాక పోలీసంటే భయం. ఇప్పుడిది. కొడుకు అదే అర్బాబ్ ఖర్జూరపు తోటనూ, సరుకు దాచే గదినీ చూసుకుంటాడు.

భయాన్ని మించినది రోత. ఎలుకలు చెట్టెక్కి గెలల్లోనే పళ్లు కొరికేవి. గదిలో బుట్టల మీద ఉచ్చ పోసేవి. తలుపు తీస్తే ఆ కంపు ముక్కుకు కొట్టేది. మొన్న చుట్టాల కోసం పళ్లెంలో ఖర్జూరాలు సర్దుతుంటే, పండనుకుని ఆమె పట్టుకున్నది పెంటిక. ఆనాటి నుంచి ముద్ద దిగడం లేదు.

తినే సరుకు దగ్గర విషం పెట్టనివ్వడు అర్బాబ్. బోనుల్లో అవి పడవు. అందుకే ఏర్‌గన్, మూడు రకాల గుండ్ల డబ్బాలు తెచ్చిచ్చాడు. “చూహా రహేగా తో తుమ్ మాఫీ,” అన్నాడు పోతూ పోతూ. ఎలుకలుంటే నువ్వుండవని. ఓంకార్ వీసా రెన్యువల్ ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

ఓంకార్ ఇసుక సంచి మీద తుపాకీ ఆనించి, గోడకు కట్టిన అట్టమీద బొగ్గుచుక్కకు గురిపెట్టాడు. పచ్చ డబ్బావి చదును తలవి, తేలిక. నీలం డబ్బావి మొనదేలినవి. ఎర్ర డబ్బావి గుండ్రటి తలవి, కొంచెం బరువు. ఒక్కోదాంట్లోంచి కొన్ని కాల్చి చూశాడు. అట్ట జల్లెడైంది గానీ చుక్క చెక్కు చెదరలేదు.

“ఏందిరా ఇది?”

“ఒక్కో తుపాకీకి ఒక్కో గుండు పడతదమ్మా. ఖరీదైందే మంచిదని లేదు. ఏది కాలిస్తే బెజ్జాలన్నీ ఒక్కతాన పడతయో, అదే దీనికి కుదిరినట్టు.”

“థూ! ఎలుకను సంపేటందుకు పెండ్లిచూపులా?”

“ఎక్కిరియ్యకు. గుండ్లన్నీ ఒక్క తీరుగుండాలె. అంచు వంగిందుంటే పక్కకు పోతది. బియ్యం ఏరినట్టు వంకరయి ఏరి పారెయ్యి.”

“నేనా? ఆ సీసం ముట్టిన చేత్తోని అన్నం వండాల్నా?”

అంటూనే చాటలో పోసుకుని కూర్చుంది. ఒక్కోటీ మంచి కంటికి దగ్గరగా పట్టి తిప్పి చూసింది. “చిన్నప్పుడు జొన్నచేన్ల పిట్టల్ని తోలిన ఒడిసెల రాళ్లే నయం. నెత్తురు లేదు, పీనుగ లేదు.” లేచాక సబ్బు సగం అరిగేదాకా చేతులు కడుక్కుంది.

ఆ తుపాకీని మడిచి గుండు పెట్టడానికే ఓంకార్ ఆపసోపాలు పడేవాడు.

“ఏందిరా, రోకలి కన్నా బరువా?” అని దెప్పేది దేవవ్వ.

ఒకరోజు గదిలో బుట్ట మీద కూర్చున్న ఎలుకను దగ్గర నుంచే కాల్చాడు. ఖర్జూరపు పాకం డబ్బాకు చిల్లుపడింది. ఎలుక పాకంలో దొర్లి, దేవవ్వ పాదం మీదుగా జిగటగా పరిగెత్తింది. ఆమె ఫలజ్ కాలువ గట్టున కూలబడి కడుపులో ఉన్నదంతా కక్కింది.

“గుండు మంచిది గాదమ్మా,” అన్నాడు ఓంకార్.

“గుండుకేమైంది? కాల్చేటప్పుడు రెండు కండ్లు మూసుకుంటున్నవ్!”

సరిగ్గా అప్పుడే వచ్చిన అర్బాబ్, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని గదిలోకి తొంగిచూశాడు. ఓంకార్ పనికి ఇబ్రా ఊళ్లో ఒక మనిషి ఖాళీగా ఉన్నాడని, కోత మొదలయ్యేలోగా రమ్మంటానని చెప్పి వెళ్లిపోయాడు. ఓంకార్ తుపాకీని గదిలో మూలకు పడేశాడు.

మర్నాడు పొద్దున్నే చెట్లకు నీళ్లు మళ్లించి వచ్చేసరికి గది గోడవార ఒక ఎలుక చచ్చిపడి ఉంది. చెవి వెనక ఒకటే బెజ్జం.

“అర్బాబ్ వచ్చిండా అమ్మా?”

“నేనేం చూసిన? ఛీ, ముందు దాన్ని తీసి పారెయ్. వాంతికొస్తున్నది.” దేవవ్వ అటు తిరిగి చేతులు రుద్దుకుంటోంది.

ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఎప్పుడూ చెవి వెనకే. నమాజు చేసుకుని వచ్చి అర్బాబే కాలుస్తున్నాడని ఓంకార్‌కు అర్థమైంది. మొహం చెల్లక అడగలేదు.

“ఎర్ర డబ్బా సగమైందేందమ్మా?”

“వంకరయి పారేసిన. నువ్వే గద పారెయ్యమన్నవ్.”

కోతకు ముందు అర్బాబ్ వచ్చాడు. గదిలో కంపు లేదు. బుట్టలోంచి ఒక పండు తీసి నోట్లో వేసుకుని, ఓంకార్ భుజం తట్టాడు.

“షాబాష్! ఇబ్రా మనిషి వద్దులే. మా తమ్ముడి తోటలో కూడా ఇదే బాధ. మస్కట్ పోతున్నా, ఆ గుండ్లే తెస్తా.” కిటికీలో వరసగా ఉన్న డబ్బాలకేసి చెయ్యి చూపించాడు. “కౌన్సా డబ్బా? ఏది?”

ఓంకార్ నోరు తెరిచాడు. “అర్బాబ్... కాల్చింది మీరు కాదా?”

“నేనా? నేను తుపాకీ ముట్టనే లేదు.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత డబ్బాల వంక చూశారు. కహ్వా కాఫీ పొయ్యడానికి వచ్చిన దేవవ్వ తల వంచుకుని కప్పు నింపింది. ఇంకో కప్పు నింపింది. కొంగుతో ఫ్లాస్కు మూతి తుడిచింది. 

“ఎర్రది బిడ్డా,” అంది దేవవ్వ.